మాటామంతీ: అవ్వ అడిగిన గొంగడి

మా భవాని పేటలో ఘోంగడే వస్తీ అని ఒక వాడ వున్నది. మరాఠీవారు ఘోంగడి అన్నా మనవారు గొంగడి అన్నా వస్తువు ఒకటే. ఆ వాడ పేరు రోజుకు పదిసార్లు మన నోట వస్తుంది గాని, పేటలో ఎన్ని ఇళ్ళలో అసలైన గొర్రె ఉన్ని గొంగడి వున్నదని ఎవరైనా లెక్క తీయబోతే ఒక చేతి వేళ్ళు కూడా మిగిలిపోతాయి. ఆ లెక్క తీసే పని ఈ మధ్య మా నెత్తినే పడింది.

మా వాకిట్లో ఎనభై దాటిన అవ్వ ఒకామె వున్నది. వయసులో వున్నంతకాలం బీడీలు చుట్టింది, కండెలు చుట్టింది, ఇప్పుడు కాళ్ళు చాపుకొని కూర్చుంటుంది. పోయిన చలికాలంలో ఒక పొద్దుట మమ్మల్ని పిలిచి, "బిడ్డా, నాకొక నల్ల గొంగడి తెచ్చిపెట్టు. గీ చద్దర్లతోని నాకు చలి ఆగుతలేదు" అన్నది. సోలాపురం చద్దర్ల మధ్యనే పుట్టి, మగ్గం చప్పుడులోనే నిద్రపోయి, ముసలితనంలో చద్దరు వద్దనే మనిషిని మేము అదే మొదటిసారి చూడడం. మనసులో కొంచెం గునిసినా, అవ్వ మాట కాదనలేక బజారుకు బయలుదేరాము.

ఒక దుకాణంలో నల్లటి కంబళి చూపించారు. ధర కూడా తేలికే. తీసుకొచ్చి అవ్వ చేతిలో పెట్టాము. ఆమె దాన్ని బొటనవేలితో నలిపి చూచింది, ముక్కుకు ఆనించుకొన్నది, తిరిగి మా ఒళ్ళో పడేసింది. "ఇది గొర్రెది కాదు, మిషిన్‌ది" అన్నది. మళ్ళీ దుకాణానికి వెళ్ళి అడిగితే ఆయన నవ్వి, అది పానిపట్టు నుంచి వచ్చే మాల్ అనీ, పాత ఉన్నిబట్టలు చింపి వడికిన నూలూ మరేదో కలిసి వుంటుందనీ ఒప్పుకొన్నాడు. "అసలుది కావాలంటే గొర్రెల వాళ్ళ దగ్గరకే పోవాలి, వాళ్ళ దగ్గర కూడా వుంటుందో లేదో" అని ఒక ముక్క చేర్చాడు. మేము నేతవాళ్ళం. నూలు సంగతి మాకు తెలియనిది కాదనుకొనే మాకు, గుడ్డ వాసన చూచి చెప్పిన అవ్వ ముందు కొంచెం సిగ్గే వేసింది.

ఒక ఆదివారం మిత్రుడి స్కూటరు మీద బార్శీ రోడ్డు పట్టాము. ఊరికి ఉత్తరాన పాతిక కిలోమీటర్ల లోపే నాన్నజ్ వున్నది. చిన్నప్పుడు ఆ దారిన వెళితే రోడ్డుకు ఇరుపక్కలా మాళ్‌రాన్ కనిపించేది. మాళ్‌రాన్ అంటే మన పల్లెల భాషలో మెరక బీడు. పైన జానెడు మట్టి, కింద మొరం రాయి. మోకాలెత్తు గడ్డి తప్ప మరొకటి మొలవని నేల. ఆ గడ్డి మీద గొర్రెల మందలు నల్లగా మబ్బు నీడల్లా కదిలేవి. ఆ రోజున మాకు కనిపించినవి ద్రాక్షతోటలు, చెరకు మళ్ళు, వాటి మధ్య ప్లాస్టిక్ పరచిన నీటి కుంటలు. మంద ఒక్కటీ లేదు. నాన్నజ్ దాటి చాలాసేపు తిరిగిన తరువాత, కోత కోసిన ఒక చేలో అరవై డెబ్బై గొర్రెలతో ఒక ముసలి ధన్‌గర్ కాపరి దొరికాడు. మన తెలంగాణలో కురుమలు ఎట్లాగో ఇక్కడ ధన్‌గర్లు అట్లాగు.

"మామా, గొంగడి దొరుకుతుందా?" అని మరాఠీలో అడిగాము. ఆయన తన భుజం మీది దాన్ని చూపించి, "ఇది మా నాయనది మాలక్, అమ్మేది కాదు" అన్నాడు. కొత్తది ఎందుకు నేయించుకోవడంలేదంటే గొర్రెల వైపు చెయ్యి చూపించాడు. మేము సరిగ్గా చూచాము. సగానికి సగం తెల్లవి, ఎర్రమచ్చలవి, బొచ్చు లేని పొడుగు కాళ్ళ జీవాలు. ఉన్ని వుండే నల్ల దక్కనీ గొర్రెలు పక్కన ఎక్కడో పాతిక వుంటాయి. "ఉన్ని ఎవరికి కావాలి? కత్తిరించిన కూలి రాదు. మాంసానికి తూకం వచ్చేదే గొర్రె" అన్నాడు. దక్కనీ గొర్రె ఒక కత్తిరింపుకు అరకిలో ఉన్ని కూడా ఇవ్వదు. జత్ తాలూకా మాడ్గ్యాళ్ జాతి, నెల్లూరు జాతి పొట్టేళ్ళు దింపితే పిల్ల తొందరగా బరువెక్కుతుంది. ఇందులో ఆయన తప్పేమున్నది? మన పేటలో మాత్రం మగ్గం తీసి మరమగ్గం పెట్టుకొన్నవారిని ఎవరైనా తప్పు పట్టారా?

గొర్రె జాతి మారిపోవడం కథలో చివరి ముక్క. దానికి ముందు నేల మారింది.

సోలాపురం జిల్లాలో వాన ఏటా ఐదారు వందల మిల్లీమీటర్లు, అది కూడా నమ్మకంలేని వాన. అందుకే ఇక్కడి నల్లరేగడి పొలాలు వానకాలమంతా ఖాళీగా వుండేవి. భాద్రపదం చివర నేలలో తేమ నిలిచాక యాసంగి జొన్న చల్లేవారు. మన రొట్టెలకు పేరు తెచ్చిన మాల్‌దండి జొన్న అదే. 1930లలో మోహోళ్ పరిశోధన క్షేత్రంలో ఎంపిక చేసిన ఎం 35-1 రకం ఇన్ని దశాబ్దాలకూ చావలేదంటే గింజ రుచి ఒక్కటే కాదు కారణం, ఆ ఎత్తైన తియ్యని చొప్ప పశువుకు ప్రాణం. 1964లో వచ్చిన మొదటి సంకర జొన్న సి.ఎస్.హెచ్. 1 గింజ ఎక్కువ ఇచ్చినా చొప్ప పొట్టిది గనుక యాసంగిలో మన రైతు దాన్ని నెత్తిన పెట్టుకోలేదు.

ఇప్పుడు కాపరి లెక్క చూడండి. వానకాలం నాలుగు నెలలు ఖాళీ పొలాల్లో కలుపు గడ్డి, మాళ్ మీద పచ్చిక. జొన్న కోసిన తరువాత మోళ్ళు, రాలిన ఆకు. రాత్రి ఏ రైతు పొలంలో మంద పెడితే ఆ రైతు కాపరికి గింజలు కొలిచేవాడు. గొర్రె పెంట పొలానికి, గింజ కాపరికి. ఎవరూ కాగితం వ్రాసుకోని ఒప్పందం. కాపరికి సెంటు భూమి లేకపోయినా ఏడాది పొడుగునా ఎక్కడ మేపాలో ముందే తెలిసేది.

ఈ ఏర్పాటును ఎవరూ ఒక్కరోజున కూలగొట్టలేదు. మొదట యూరియా బస్తా వచ్చింది, మంద పెట్టమని పిలిచేవారు తగ్గారు. 1967 ప్రాంతంలో రాతినేలను తొలిచే బోరు యంత్రాలను యునిసెఫ్ మన దేశానికి తెచ్చింది. తాగునీటి కోసమని వచ్చిన ఆ యంత్రం చూస్తుండగానే సేద్యానికి మళ్ళింది. 1972 కరువు మన సోలాపురం పెద్దలకు ఇప్పటికీ గుర్తే. రోజ్‌గార్ హమీ పనుల్లో రాళ్ళు కొట్టిన మామలు అత్తలు మన ఇళ్ళలో కూడా వున్నారు. ఆ కరువు తరువాత నీళ్ళు ఎక్కడ దొరికితే అక్కడికి పరుగెత్తడం మొదలయింది. భీమా నది మీద ఉజనీ ఆనకట్టకు 1966లో పునాది వేస్తే 1980లో పూర్తి అయింది. కాలువలు, ఎత్తిపోతలు, కరెంటు మోటార్లు. వెనుకనే చెరకు. వాన నీటికి మూడు నాలుగింతలు తాగే పంట చెరకు. ఆ పంటను నమ్ముకొని, చుక్క చుక్క లెక్క చూచుకోవలసిన మన జిల్లాలో ముప్పైకి పైగా చక్కెర కర్మాగారాలు లేచాయి. చెరకు చేనులో మోళ్ళ మేత వుండదు, ఖాళీ నెల వుండదు. బార్శీ వైపు వానకాలంలో సోయా చిక్కుడు, కంది. అంటే కాపరికి వానకాలపు మేత కూడా పోయింది.

అయినా మాళ్‌రాన్ మిగలవలసింది, ఎందుకంటే అక్కడ నాగలి దిగదు. ఎద్దుల జత రాతి మొరం మీద ఎంతసేపు లాగుతుంది? ఆ ఒక్క కారణం చేతనే ఆ నేల వందల ఏళ్ళు గడ్డిగా మిగిలింది. ఎవరో దయతలచి వదిలిపెట్టినది కాదు. ట్రాక్టరు వచ్చాక, ఆ తరువాత జె.సి.బి. వచ్చాక ఆ కారణం లేకుండా పోయింది. రాళ్ళు ఏరి గట్టు వేస్తారు, గుంత తవ్వుతారు, చెరువు పూడికమట్టి తోలి పైన పరుస్తారు, సన్నటి గొట్టాలతో చుక్కనీరు ఇస్తారు. దానిమ్మ అటువంటి తేలిక నేలలోనే బాగా కాస్తుంది. సాంగోలా, పంఢరపురం వైపు బీడునేలలు దానిమ్మ తోటలయింది అట్లాగే. 2005లో మన సోలాపురంలోనే, కేగావ్ దగ్గర, దానిమ్మకు జాతీయ పరిశోధన కేంద్రం పెట్టారు. నాన్నజ్‌కు చెందిన రైతు నానాసాహెబ్ కాళే తన తోటలో ఎంపిక చేసిన సోనాకా, శరద్ ద్రాక్ష రకాలు దేశమంతా పాకినాయి. కరువు సీమ రైతు రాతిలోంచి పండు తీస్తే మేము చప్పట్లు కొట్టకుండా వుండలేము. ఆ చప్పట్ల చప్పుడులో కాపరి గొంతు వినబడలేదు, అంతే.

అదే నాన్నజ్ మరొక పేరుతో కూడా లోకానికి తెలుసు. 1972లో బి. ఎస్. కులకర్ణి అనే సోలాపురం పక్షిప్రేమికుడు అక్కడి గడ్డిబీళ్ళలో మాళ్‌ఢోక్ పక్షిని గుర్తించారు. మన తెలుగులో బట్టమేక పక్షి. నిలబడితే మీటరు ఎత్తు, మందమైన ఒళ్ళు, గడ్డి నేల తప్ప మరోచోట గుడ్డు పెట్టని పక్షి. 1979లో దాని కోసం అభయారణ్యం ప్రకటించారు. ఎంతనుకొన్నారు? ఎనిమిది వేల చదరపు కిలోమీటర్లకు పైన. ఊళ్ళు, పొలాలు, పట్నాలు కూడా అందులో పడ్డాయి. ఇల్లు కట్టుకొనేందుకూ భూమి అమ్ముకొనేందుకూ చిక్కులు వచ్చి జనం పక్షి పేరెత్తితే పళ్ళు కొరికేవారు. చివరకు దాన్ని పన్నెండు వందల చదరపు కిలోమీటర్ల దరిదాపుకు కుదించారు. ఈలోగా కంచె వేసిన కొన్ని ముక్కల బయట గడ్డి దున్నకాలలో కలిసిపోయింది. కొన్నిచోట్ల బీడును బాగుచేస్తున్నామనే తలంపుతో గిరిపుష్పం చెట్లు నాటారు. గడ్డిపక్షికి చెట్లు నాటడం, చేపకు గూడు కట్టి ఇచ్చినట్లు. ఇప్పుడు అక్కడ మాళ్‌ఢోక్ ఒక్కటి కనిపించినా పత్రికల్లో వార్త అవుతుంది. దేశం మొత్తం మీద నూటయాభై కూడా లేవంటారు.

మన ఆంధ్రదేశంలో కూడా ఇదే కథ జరిగింది. కర్నూలు సీమలోని రోళ్ళపాడులో 1988లో ఆ పక్షి కోసమే అభయారణ్యం పెట్టారు. దగ్గరలో కాలువ నీళ్ళు పారి చుట్టూ పైరులు మారిపోయినాయి. బట్టమేక అక్కడినుంచి కనుమరుగయింది.

గడ్డి నేలను మొదటినుంచీ ప్రభుత్వ కాగితాలలో "పనికిరాని భూమి" అని వ్రాయడమే ఈ తంటాకంతటికీ మూలమని మా ఉద్దేశం. శిస్తు రాని భూమి దొరలకు పనికిరానిది. దొరలు పోయినా ఆ మాట పోలేదు. పనికిరాని భూమి గనుక ఎవరికైనా ఇవ్వవచ్చు, ఏదైనా కట్టవచ్చు. మరాఠీలో గాయ్‌రాన్ అన్నా తెలంగాణలో బంచరాయి అన్నా ఊరి పశువుల ఉమ్మడి మేత భూమి అనే అర్థం. ఇంత చక్కటి పేరు వున్న భూమి పనికిరానిది ఎట్లా అయింది?

ఇక్కడ ఒక విశేషం చెప్పాలి. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో మెట్ట పంటల కోసం 1972లో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ సంస్థ వెలసింది. వారు 1975లో కొన్ని పల్లెలను ఎన్నుకొని ఇంటింటి లెక్కలు వ్రాయడం మొదలుపెట్టారు. ఆ మొదటి పల్లెల్లో పాలమూరు జిల్లా ఔరేపల్లి, దోకూరు వున్నవి. మన సోలాపురం జిల్లా శిరాపూర్, కల్మణ్ వున్నవి. పాలమూరునుంచి మగ్గం భుజాన వేసుకొని ఇక్కడికి వచ్చిన కుటుంబాలు మన పేటలలో ఎన్ని లేవు? మనం విడిచివచ్చిన నేలనూ, వచ్చి చేరిన నేలనూ ఒకే పుస్తకంలో వ్రాసిపెట్టారన్నమాట.

ఆ సంస్థలో పనిచేసిన ఎన్. ఎస్. జోధా అనే ఆర్థికవేత్త ఏడు రాష్ట్రాల మెట్ట సీమలలో ఎనభైకి పైగా పల్లెలు తిరిగి చూచారు. 1950ల మొదటినుంచి 1980ల మొదటికి వచ్చేసరికి ఊరి ఉమ్మడి భూములు 31 నుంచి 55 శాతం దాకా తగ్గినాయని ఆయన లెక్క తేల్చారు. చాలా భాగం బీదలకు పంచుతున్నామనే పేరుతోనే పోయింది. పోయినదానిలో సగానికి పైగా ముందే కాస్తో కూస్తో వున్నవారి చేతికి చేరిన చోట్లే ఎక్కువ. బీదవాడికి ఎకరం వచ్చినా దున్నడానికి ఎద్దు లేదు, మేపడానికి బీడు లేదు. అంతకుముందు 1974లోనే ఆయన రాజస్థాన్ ఎడారి పల్లెలో ట్రాక్టరు చేసిన పని గురించి వ్రాశారు. అక్కడ వాన పడ్డాక నేల తడి నిలిచేది కొద్ది రోజులు. ఒంటెతోనో ఎద్దుతోనో ఆ కొద్ది రోజుల్లో దున్నగలిగినంతే దున్ని మిగతాది గడ్డికి వదిలేవారు. ట్రాక్టరు అన్నిటినీ ఆ రోజుల్లోనే దున్నేస్తుంది. గడ్డికి మిగిలేది ఏమీ లేదు. నాన్నజ్‌లో మేము కళ్ళతో చూచినది అదే.

అమెరికాలో కూడా అంతే జరిగింది. 1920లలో ట్రాక్టర్లతో గడ్డిమైదానాలను కడుపు చీల్చి గోధుమ వేశారు. 1930లలో వాన తప్పేసరికి ఆ మట్టి ఆకాశానికి లేచి ఊళ్ళను కప్పేసింది. మన నేల బరువైన రేగడి గనుక అట్లా ఎగరదు. మన దగ్గర ఎండేది బోరు.

బోరు ఎండినప్పుడు ఏమవుతుందో 2012-13లో, మళ్ళీ 2018-19లో చూచాము. సాంగోలా, మంగళవేఢా వైపు ప్రభుత్వం చారా ఛావణీలు తెరిచింది. పశువును తోలుకుపోయి నెలల తరబడి అక్కడే కట్టి, ఇచ్చే చెరకు ఆకూ చెరకు గడా మేపడం. ఇంటికొకరు పశువుతోపాటు అక్కడే నిద్ర. పాలకోసం కట్టేసి మేపే సంకర ఆవుకు బయట తిరిగి గడ్డి వెతుక్కోవడం రాదు, వెతుక్కోవడానికి బీడూ లేదు. గొర్రెకు చాలాచోట్ల ఆ ఛావణీలో చోటు కూడా సులువుగా దొరకలేదు. కాపరులు మందలతో జిల్లాలు దాటిపోయారు.

ఇన్ని మాటలు వ్రాస్తూ రైతునే వేలెత్తి చూపితే, గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్లుంటుంది. మన పట్నం కూడా మెట్ట నేలల మీదికే పెరిగింది. హిప్పర్గా చెరువు దారి, అక్కల్‌కోట రోడ్డు, కుంభారి వైపు. 2006లో కుంభారి దగ్గర బీడీ కార్మిక స్త్రీల పేరు మీద పదివేల ఇళ్ళు లేచినప్పుడు మన అక్కచెల్లెళ్ళ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మేమూ లడ్డూలు తిన్నాము. ఇప్పటికీ ఆ ఇళ్ళు వద్దనమని అంటే మా నోరు రాదు. ఆ నేల మీద అంతకు ముందు ఏమి మేసేదో ఆ రోజున మాలో ఎవరికీ అడగాలని తోచలేదని మాత్రం ఒప్పుకొంటున్నాము.

కాపరి దగ్గర కూర్చొని జొన్నరొట్టె, వెల్లుల్లి కారం తిన్నాము. కొడుకు పుణేలో ఏదో కంపెనీలో కాపలా పని చేస్తాడట. "గొర్రెలు కాసేవాడి కొడుకు గేటు కాస్తున్నాడు" అని తనే నవ్వాడు. ఆ చేను రైతుకు గొర్రెల మంద అంటే ఇంకా ఇష్టమట. ద్రాక్షకు గొర్రె ఎరువు కావాలని ఇప్పుడు కొందరు మళ్ళీ అడుగుతున్నారు, బస్తా లెక్కన డబ్బు కూడా ఇస్తున్నారు. "ఎరువు కావాలంటారు, మంద మాత్రం తోటలోకి రాకూడదంటారు. రాత్రి ఎక్కడ పడుకోబెట్టను?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

లేవబోతుంటే, ఎవరికోసం గొంగడి అని అడిగాడు. అవ్వ సంగతి చెప్పాము, వాసన చూచి విసిరేసిన ముచ్చట కూడా చెప్పాము. అది ఆయనకు ఎంతో నచ్చింది. ఆ పాతిక నల్ల గొర్రెల ఉన్ని దసరాకు కత్తిరించి దాచిపెడతానన్నాడు. పైసలు ఎంత అంటే "అవ్వను అడిగి చెప్పు" అన్నాడు. వడకడం అవ్వకే వచ్చునట. చిన్నప్పుడు పాలమూరులో పక్కింటి కురుమవారి దగ్గర నేర్చినదట. ఎనభై ఏళ్ళ చేతులకు ఆ తకిలీ ఆడుతుందో లేదో గాని, అప్పుడే మమ్మల్ని కట్టె చెక్కించి తెమ్మన్నది.

నేయడమే చిక్కు. గొంగడి నేత మన నేత కాదు. గుంట మగ్గం వేరు, చింతగింజల గంజి పట్టించే తీరు వేరు. వాన చినుకు గొంగడి మీద నిలవకుండా జారిపోతుంది. సాంగోలా వైపు నేసేవారు ఒకరిద్దరు మిగిలారని విన్నాము. పాఠకులలో ఎవరికైనా అటువంటివారు తెలిసివుంటే, ఊరూ పేరూ వ్రాసి మాకొక కార్డు పడెయ్యండి, లేదా పత్రిక కార్యాలయానికి ఫోను చెయ్యండి. దసరా ఎంతో దూరం లేదు, అవ్వ రోజూ అడుగుతున్నది.